బత్తాయి తోట నీటి వయసు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నీళ్లు పడతానని చెబుతాను. అబద్ధం కాదు. ఆత్మకూరులోని మా ఆఫీసు నుంచి జీపులో బయల్దేరి, ఏదో ఒక ఊరి బయట బోరు దగ్గర దిగి, సీసాలు నింపి, చీటీ అంటించి, సంతకం పెట్టి తిరిగొస్తాను. ఆ సీసాలు ఎక్కడో దూరంగా ఉన్న ల్యాబుకు వెళ్తాయి. కొన్ని నెలలకు ఒక కాగితం వస్తుంది. భూమి లోపలి నీటికి వయసెంతో అందులో ఉంటుంది. ఈ పనిలో చేరిన కొత్తలో ఎంత గర్వపడేదాన్నో తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. ఇప్పుడు గర్వం లేదు, నడుం నొప్పి ఉంది. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది.

నీళ్లకు వయసేమిటని అడగని ఊరు లేదు. మా డ్రైవరు వింజమూరు మనిషి, నోరు ఊరుకోదు. నేను జవాబు చెప్పేలోపలే, "మా మేడం నీళ్లకి జాతకాలు రాస్తారు" అనేవాడు. అందరూ నవ్వాక నేను మొదలుపెట్టేదాన్ని. వాన నీటిలో ట్రిషియం అని ఒక రకం హైడ్రోజన్ రవ్వంత ఉంటుంది. నీళ్లు భూమిలోకి దిగిన నాటి నుంచి అది తరిగిపోతూ వస్తుంది. ఒక మనిషి పుట్టి ముసలివాడయ్యే లోపల దాదాపు కనపడకుండా పోతుంది. బోరు నీళ్లలో అది ఉందంటే మొన్నమొన్నటి వానలు ఆ బోరుదాకా దిగుతున్నాయని అర్థం. లేదంటే నీళ్లు పాతవి. ఎంత పాతవో తెలియాలంటే నీళ్లలో కరిగిన కార్బన్‌ను చూడాలి. అందులోనూ ఒక రకం ఇలాగే తరుగుతుంది, కాకపోతే మెల్లగా, వేల ఏళ్ల మీద. వీటినే ఐసోటోపులంటారు. ఇంత చెప్పాక ఎవరో ఒకరు, "అయితే కొత్త బోరు యాడ ఏసుకోమంటారు మేడం" అని అడిగేవారు.

ఉద్యోగం మొదట్లో శిక్షణ కోసం రాజస్థాన్ ఎడారిలో నెల రోజులున్నాను. అక్కడ ఇసుక కింద చాలా లోతున దొరికే నీరు, ఆ చోటు ఎడారి కాకముందు పడిన వానలదని చెప్పారు. ఇప్పటి వానలకూ దానికీ సంబంధం లేదు. ఉన్నంతవరకు తోడుకోవడమే, మళ్లీ ఊరదు. ఆ ఊళ్లవాళ్ల మీద జాలిపడ్డాను. మా నెల్లూరు జిల్లా పడమటి వైపు కరువు సీమే అయినా, ఏదో ఒక తుఫానుకు చెరువులు నిండుతాయి కదా, మాకు ఆ గతి పట్టదులే అనుకున్నాను. ఆ నమ్మకం నా బుర్రలో అట్లాగే ఉండిపోయింది. తర్వాత జరిగిన దాంట్లో దానికీ వాటా ఉంది.

నాలుగేళ్ల కిందట మే నెలలో ఉదయగిరి దాటి వరికుంటపాడు వైపు ఒక బత్తాయి తోటకు వెళ్లాం. తోట నడుమ రేకుల ఇల్లు, ముందు చిన్న పంచ. ఇంట్లో ఒక అవ్వ, నలభై దాటిన ఆమె కొడుకు. కోడలు పిల్లల చదువుల కోసం ఉదయగిరిలో ఉండేది. వాళ్లది తరతరాలుగా గొర్రెలు మేపిన కుటుంబం. కొడుకు మందలో సగం అమ్మి, మూడెకరాల్లో బత్తాయి పెట్టాడు. రెండు బోర్లు ఎండిపోయాక మూడోది ఎనిమిది వందల అడుగుల దాకా దించితే నీళ్లు పడ్డాయి. ఆ లోతు కోసమే మా లిస్టులో ఆ బోరు ఉంది.

కొడుకు మమ్మల్ని బోరు దగ్గరకు తీసుకెళ్లి, నేను సామాను దించకముందే అడిగాడు. "ఇది ఏటేటా ఊరే నీళ్లా, ఎప్పటివో నిలవుండే నీళ్లా మేడం? అదొక్కటి చెప్పండి చాలు."

"తెలిస్తే ఏం చేస్తావు?" అన్నాను.

"ఊరే నీళ్లయితే మిగిలిన గొర్రెలు గూడా అమ్మేసి ఆ పక్క రెండెకరాలు తోట పెడతా. నిలవ నీళ్లయితే తోట ఉన్నన్నాళ్లు ఉంటాది, గొర్రెలు మాత్రం ఇడిచిపెట్టను. మా అమ్మకైతే తోటంటేనే ఇష్టం లేదు."

పంచలో కూర్చున్న అవ్వకు ఆ మాట వినపడింది. "గొర్రె అయితే నీళ్లుండే కాడికి నడిచిపోతాది. చెట్టు యాడికి పోతాది?" అంది.

ముప్పై ఏళ్లలో నన్ను అంత సూటిగా అడిగిన రైతు ఇంకొకడు లేడు. అందరూ బోరు ఎక్కడ వేయాలని అడుగుతారు, ఇతను నీటి సంగతి అడిగాడు. చాలా రోజుల తర్వాత నా పనికి ఒక ప్రయోజనం కనిపించి సంతోషమేసింది. కాగితం రాగానే ముందు నీకే ఫోన్ చేస్తానన్నాను.

మా పనికి ఒక పద్ధతుంది. కేసింగ్ పైపులో నిలిచి ఉన్న నీళ్లన్నీ పోయేదాకా మోటారు ఆడించాలి. ఉప్పు కొలిచే మీటరు ముల్లు కదలకుండా నిలబడ్డాక, సీసాలను అదే నీళ్లతో మూడుసార్లు కడగాలి. తర్వాత బకెట్టులో నీళ్లు నిండుగా పట్టి, సీసాను అందులో ముంచి, నీళ్లలోపలే మూత బిగించి, బోర్లించి చూడాలి. లోపల గాలి బుడగ ఉండకూడదు. ఇదంతా సంతకం పెట్టే మనిషే తన చేత్తో చేయాలి. కొత్తగా చేరినవాళ్లకు ఈ పద్ధతి నేర్పేది నేనే.

ఆ రోజు మోటారు రెండు గంటలు ఆడింది. నీళ్లు సన్నగా, తుప్పు వాసనతో వస్తున్నాయి. మీటరు నిలబడింది, సీసాలు కడిగాను. నింపబోతుండగా కరెంటు పోయింది. ఎండ నెత్తిన ఉంది. కడిగిన రెండు సీసాలూ పంచ గట్టు మీద బోర్లించి కూర్చున్నాను.

అవ్వ ఊరుకోలేదు. రాగి సంగటి, గోంగూర పప్పు, గడ్డ పెరుగు పెట్టింది. తాగడానికి ఇచ్చిన నీళ్లు క్యాను నీళ్లు. ఉదయగిరి నుంచి ఆటోలో రెండు రోజులకొకసారి వస్తాయి. వాళ్ల బోరు నీళ్లు చెట్లకే, మనుషులు తాగరు. మునుపు తాగిన బోరు నీళ్ల వల్లే తన మోకాళ్లు బిగుసుకుపోయాయని అవ్వ కాళ్లు చాపి చూపించింది. నావీ వంగడం లేదని నేనూ చూపించాను. ఇద్దరం కాసేపు మోకాళ్ల ముచ్చట చెప్పుకున్నాం. తిన్నాక నులక మంచం మీద నడుం వాల్చాను. కరెంటు వస్తే లేపమని డ్రైవరుకు చెప్పాను.

లేచేసరికి మోటారు చప్పుడు వినిపిస్తోంది. కొడుకు తోటలో డ్రిప్పు పైపులు చూసుకుంటున్నాడు. డ్రైవరు సామాను జీపులో సర్దుతూ, "సీసాలు నిండినాయి మేడం, మీరు ముద్ర వేస్తే పోదాం" అన్నాడు.

"ఎవరు నింపారు?"

"నేనే పోసినాలే తల్లీ, నువ్వు కునుకు తీస్తా ఉంటే ఎందుకు లేపడమని" అంది అవ్వ లోపలినుంచి.

నేను సీసాలు చేతిలోకి తీసుకుని చూశాను. ఒకదాంట్లో శనగగింజంత బుడగ ఉంది. పారబోసి మళ్లీ పట్టాలి. బోరు ఇరవై అడుగుల దూరంలో ఆడుతోంది, ఐదు నిమిషాల పని. కానీ అప్పటికి ఆ వారంలో అది పదకొండో బోరు. ఇంకా రెండున్నాయి, ఆత్మకూరు చేరేసరికి చీకటి పడుతుంది. మూత తీస్తే గాలి తగులుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. మోటారు ఆడుతోంది కాబట్టి అవ్వ బోరు నీళ్లే పట్టి ఉంటుందనీ అనుకున్నాను. టేపు చుట్టి, చీటీ అంటించి, సంతకం పెట్టాను. మూత తీసి వాసన చూసినా తెలిసిపోయేది, ఆ నీళ్లకు తుప్పు వాసన లేదని. చూడలేదు.

కాగితం వచ్చేసరికి కార్తీకం దాటింది. ఆ బోరు ఎదురుగా ట్రిషియం ఉందని, కొత్త నీరేనని ఉంది. ఎనిమిది వందల అడుగుల లోతున కొత్త నీరేమిటని అనుమానం రావాలి. రాలేదు. రాతి పగుళ్లలోనుంచి నేరుగా దిగుతోందిలే, మా వైపు వానలే వేరు, మేము ఎడారి వాళ్లం కాదు అనుకున్నాను. మాట ఇచ్చినట్టే కొడుక్కి ఫోన్ చేశాను.

"ఊరే నీళ్లే. వానలు బాగుంటే బోరు నిలబడుతుంది" అన్నాను.

"మీరు చెప్పినారు గాబట్టి అడుగేస్తా మేడం" అన్నాడు. సంక్రాంతి లోపలే మిగిలిన మంద అమ్మేశాడని, కొత్త మొక్కలు పెట్టాడని తర్వాత తెలిసింది. పాత చెట్ల మొదటి కాపు కోసినప్పుడు ఒక గోనెసంచి బత్తాయిలు ఆత్మకూరు బస్సులో వేసి మా ఆఫీసుకు పంపాడు. మేమందరం పంచుకున్నాం. నాలుగు నేను ఇంటికి తీసుకెళ్లాను. తియ్యగా ఉన్నాయి.

ఆ తర్వాత రెండు వానాకాలాలు మరీ చెడ్డవేమీ కావు. చెరువుల్లోకి నీళ్లొచ్చాయి. ఆ తోట బోరు మాత్రం దిగిపోతూ వచ్చింది. కొడుకు ఫోన్ చేసి అడిగేవాడు, వాన పడింది గదా మేడం, ఇంకా ఎందుకు ఊరలేదని. కొంచెం టైం పడుతుందని చెప్పేదాన్ని. నాలుగోసారో ఐదోసారో ఫోన్ మోగినప్పుడు అతని నంబరు చూసి ఎత్తలేదు. ఆ సంగతి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పోయిన ఏడాది ఎండల్లో లోతు బోర్లకు కార్బన్ పరీక్ష చేయమని పై నుంచి ఆర్డరు వచ్చింది. ఈసారి పని పెద్దది. డ్రమ్మెడు నీళ్లు పట్టి, మందులు కలిపి మూత వేస్తే, కరిగి ఉన్న కార్బన్ తెల్లటి పిండిలాగా అడుక్కు దిగుతుంది. ఆ పిండిని సీసాలోకి తీసి పంపాలి. లిస్టులో బత్తాయి తోట బోరు ఉంది. లేకపోతే నేనే చేర్చేదాన్ని.

కొత్తగా పెట్టిన రెండెకరాల మొక్కలు పుల్లలై ఉన్నాయి. పాత చెట్లు ఆకులు ముడుచుకుని, కాయలు నిమ్మకాయంత సైజులోనే పసుపెక్కి రాలుతున్నాయి. గొర్రెల దొడ్డి ఖాళీ, చుట్టూ వేసిన కంప కూడా పొయ్యిలోకి పోయింది. కొడుకు ఇంట్లో లేడు. ఏదో పనిమీద ఉదయగిరి వెళ్లాడని అవ్వ చెప్పింది.

బోరు పావుగంట ఆడి ఆగుతోంది, మళ్లీ గంట ఆగితే పావుగంట. డ్రమ్ము నిండడానికి పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. ఈసారి నేను కదల్లేదు. అవ్వ కర్ర సాయంతో వచ్చి, బకెట్టు పక్కన కూర్చుని నా పని చూస్తూ ఉంది. డ్రమ్ము అయ్యాక ట్రిషియం సీసా చేతిలోకి తీసుకుని బకెట్టులో ముంచబోయాను.

"అందులో ఈ నీళ్లెందుకు తల్లీ పట్టుకుంటా ఉండావు?" అంది అవ్వ. "లోపల క్యాను ఉండాది. పోయిన తూరి పోసినట్టే పోసిస్తా, ఉండు."

సీసాను బకెట్టు పక్కన పెట్టాను. "పోయినసారి క్యాను నీళ్లు పోశావా అవ్వా?"

"మరి ఏం పోస్తాను? గట్టు మీద ఖాళీ సీసాలుండె. ఇంటికొచ్చిన మనిషిని ఖాళీ సీసాతో ఎట్ట పంపేది? దారిలో తాగుతావని మంచియ్యే పోసినాను." నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, మళ్లీ అడిగింది. "ఎందుకు, బాగలేవా ఆ నీళ్లు?"

"బాగున్నాయి అవ్వా" అన్నాను.

డ్రైవరు జీపు టైరు వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు అవ్వ మీద కోపం రాలేదు, రావడానికి ఏముంది? ఆ ఇంట్లో వచ్చినవాళ్ల సీసా నింపడమంటే మజ్జిగ ఇచ్చినంత మామూలు సంగతి. ఆ క్యాన్లు నింపే మంచినీళ్ల ప్లాంటు వాళ్లు చెరువు కింద బావి నీళ్లు శుభ్రం చేసి అమ్ముతారు. ఆ నీళ్లకే నేను ట్రిషియం కొలిపించాను. ఆ నీళ్ల వయసు చెప్పి అతని చేత గొర్రెలు అమ్మించాను.

సీసాను ముంచి, నీళ్లలోపలే మూత బిగించి, బోర్లించి చూశాను. ఎందుకట్లా చూస్తున్నావని అవ్వ అడిగింది. బుడగ ఉండకూడదు అవ్వా అని చెప్పాను. ఆమె కూడా వంగి చూసింది.

ఆ సాయంత్రమే కొడుక్కి ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది. కాగితం రానీ, ఏమో, ఈ నీళ్లు కూడా కొత్తవే అని రావచ్చు అని వాయిదా వేశాను. అట్లా రాదని నాకు తెలుసు. అయినా నాలుగు నెలలు ఆ ఆశతోనే గడిపాను. వచ్చిన కాగితంలో ట్రిషియం లేదు. కార్బన్ చాలావరకు తరిగిపోయింది. నీరు వేల ఏళ్ల నాటిది. పాత ఫలితం తప్పని, పొరపాటు నాదేనని ఆఫీసులో రాసి ఇచ్చాను. ఆ కాగితం తీసుకున్నాయన చదవకుండానే ఫైల్లో పెట్టి, టీ తాగుతారా మేడం అన్నాడు.

జీపు అడగలేదు. ఒక ఆదివారం బస్సులో ఉదయగిరి పోయి, అక్కడ నుంచి ఆటోలో తోటకు వెళ్లాను. దూరాన ఉదయగిరి కొండ ఎండకు తెల్లబడి ఉంది. తోటలో సగం చెట్లు కొట్టేసి ఉన్నాయి, చెట్లు కోసే రంపం మిషను చెట్ల నడుమ పడి ఉంది. కొడుకు మొదళ్లు కుప్ప వేస్తున్నాడు. ఇప్పుడు బంధువుల మందను పాలుకు మేపుతున్నాడట, పుట్టిన పిల్లల్లో సగం అతనికి.

నిలబడే చెప్పాను. "అప్పుడు పంపిన సీసాల్లో మీ బోరు నీళ్లు లేవు. వాటిని నేను నింపలేదు. ఎవరు నింపారో, ఏం నింపారో చూడకుండా సంతకం పెట్టాను. మీ బోరుది నిలవ నీరు. వేల ఏళ్ల నాటిది. మళ్లీ ఊరదు."

అతను చేతిలోని మొద్దు కింద పెట్టాడు. "మీరు చూసుకోవాల్సింది మేడం."

"చూసుకోవాల్సింది."

"మీ మాట మీదనే నేను మంద అమ్మినాను."

క్షమించమని అడిగాను. అతను మొద్దు మళ్లీ ఎత్తి కుప్ప మీద వేశాడు. అప్పుడు అడిగాడు. "ఎవురు నింపినారు మేడం ఆ సీసాలు?"

నేను చెప్పలేదు. చెప్పకపోయినా అతను ఇంటి వైపు చూశాడు. పంచలో అవ్వ కూర్చుని మా వైపే చూస్తోంది. అతను చాలాసేపు అటే చూసి, మొహం తుడుచుకున్నాడు.

"మా అమ్మకి చెప్పబాకండి. తోట పొయ్యిందానికే ఆమె అన్నం సరిగా తినడం లేదు. నాది నేను పడతాను. ఆమెకి మాత్రం తెలీనియ్యబాకండి."

చెప్పనన్నాను. పంచలోకి వెళ్లాను. అవ్వ నన్ను చూసి సంతోషపడింది. "ఏం చెప్పినాయి తల్లీ నీ సీసాలు?" అని అడిగింది.

"వానలు చాలడం లేదవ్వా" అన్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను తెలిసి చెప్పిన అబద్ధం అదొక్కటే. తెలియక చెప్పినది అంతకంటే పెద్దది.

వెళ్తానని లేచాను. అవ్వ నా సంచిలోకి తొంగిచూసి, తాగగా ఖాళీ అయిన నా సీసా తీసుకుంది. వద్దన్నాను. వినలేదు. క్యాను వంచి శుభ్రమైన గిన్నెలో నీళ్లు పోసింది, నిండుగా. ఆ క్యాను ఎల్లుండి దాకా వాళ్లిద్దరికీ రావాలి. సీసాను ఆ గిన్నెలో ముంచింది. ముడతలు పడిన రెండు చేతులూ నీళ్లలో పెట్టి, లోపలే మూత బిగించింది. బయటికి తీసి, కొంగుతో తుడిచి, బోర్లించి, వెలుతురుకు ఎత్తి చూసింది.

"చూడు, నువ్వు చెప్పినట్టే పట్టినాను" అంది.

కొడుకు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను సీసా అందుకున్నాను. లోపల బుడగ లేదు.